ముప్ఫై ఏడో గంట

పంతొమ్మిదేళ్ళు వచ్చేదాకా నేను సముద్రం చూడలేదు. పోనీ ఎక్కడో కొండల్లో పుట్టానా అంటే అదీ కాదు. విజయవాడలో పుట్టి పెరిగాను, మా ఇల్లు బందరు రోడ్డు పక్క సందులోనే. ఆ రోడ్డు పట్టుకుని పోతే చివర ఉండేది సముద్రమే. ఇంటి ముందు రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో చూడకుండా మనిషి ఎలా కుదురుగా ఉంటుందో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. కాలేజీకి పోతూ రోడ్డు దాటేటప్పుడు రోజూ తూర్పు వైపు ఒకసారి మెడ సాచి చూసేదాన్ని. లారీలు కనిపించేవి.

డెబ్భైల మధ్యలో, నేను డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా, మా సందు మొదట్లో ఉన్న సైకిలు షాపు తలుపు మీద ఒక కాగితం అంటించారు. సైకిల్ క్లబ్బు వాళ్ళు రెండో శనివారం నాడు విజయవాడ నుంచి మంగినపూడి సముద్రం దాకా యాత్ర వెళుతున్నారు. పొద్దున ఉప్మా, దారిలో మజ్జిగ, మధ్యాహ్నం బందరులో భోజనం. పంక్చర్లు వేసే మనిషి వెంట ఉంటాడు. సాయంత్రం మనుషుల్నీ సైకిళ్ళనీ లారీ మీద వెనక్కి తెస్తారు. రుసుము పది రూపాయలు. ఆడపిల్లలు కూడా రావచ్చు. ఆ ఆఖరి ముక్క చదివి షాపు ముందే గెంతినంత పని చేశాను.

అమ్మ ఒప్పుకోలేదు. అమ్మ మిషన్ ఆస్పత్రిలో నర్సు. మాట తక్కువ, చూపు ఎక్కువ. "సముద్రం ఎక్కడికీ పోదులే. నీ పరీక్షలే మీదకొచ్చేస్తన్నాయి" అని తేల్చేసింది. పోనీ నాన్నకి చెప్పుకుందామా అంటే ఆయన రైల్వే గార్డు. ఎప్పుడూ లైను మీదే ఉండేవాడు, ఇంట్లో ఉన్నప్పుడు నిద్రలో ఉండేవాడు. మా ఇంట్లో పై కోర్టు లేదు.

అంతలో దేవుడు నా పక్షాన ఉన్నాడని నేను నమ్మిన సంగతి ఒకటి జరిగింది. ఆ గురువారం అమ్మని మైలవరం వైపు పల్లెల్లో వైద్య శిబిరానికి వేశారు. నాలుగు రోజులు. జీపులో తీసుకెళ్ళారు. అంటే అమ్మ సైకిలు ఇంట్లోనే ఉండిపోయింది! నల్ల లేడీస్ సైకిలు. అమ్మ దానికి ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే స్నానం చేయించేది. మా ఇంట్లో నాకంటే శుభ్రంగా ఉండేది అదే.

రుసుము కట్టకూడదని ముందే అనుకున్నాను. పది రూపాయలు నా దగ్గర లేవు, నిజమే. ఉన్నా కట్టేదాన్ని కాదు. కడితే పేరు రాసుకుంటారు. క్లబ్బు నడిపే డ్రిల్లు మేష్టారు నెలకోసారి ఇంజెక్షను కోసం మా అమ్మ ముందే చెయ్యి చాపుతారు. నా పేరు అక్కడికి చేరడానికి ఎంతసేపు?

అదీగాక నా దగ్గర బ్రహ్మాండమైన వాదన ఒకటి ఉంది. రోడ్డు ప్రభుత్వానిది. కాళ్ళు నావి. సైకిలు మా అమ్మది. వాళ్ళ ఉప్మా ముట్టను, వాళ్ళ మజ్జిగ తాగను, వాళ్ళ పంక్చరు మనిషిని పిలవను. వాళ్ళు పోయే రోడ్డు మీద వాళ్ళ వెనకాల నేనూ పోతాను, అంతే. ఇందులో ఎవరి సొమ్ము పోయింది? ఈ వాదనని అద్దం ముందు నిలబడి రెండుసార్లు వినిపించాను. అద్దం ఎదురు చెప్పలేదు. సాయంత్రం తిరిగి ఎలా వస్తానన్నది మాత్రం నా వాదనలో లేదు. అసలు ఆ ఆలోచనే రాలేదు.

శనివారం వెలుగు రాగానే, స్నేహితురాలి ఇంట్లో చదువుకుంటానని పక్కింటి పిన్నిగారికి చెప్పి, నాలుగు ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుని, పటమటలో ఒక కిళ్ళీ బడ్డీ పక్కన కాచుకున్నాను. ముందు గంటలు వినిపించాయి, తర్వాత సైకిళ్ళు వచ్చాయి. అందరికన్నా ముందు తెల్ల నిక్కరుతో, మెడలో ఈలతో డ్రిల్లు మేష్టారు. ఆయన వెనక బ్యాంకు గుమాస్తాలు, లెక్చరర్లు, కాలేజీ కుర్రాళ్ళు, ఓణీలు నడుముకి బిగించిన నలుగురు అమ్మాయిలు. ప్రతి హ్యాండిలుకీ ఒక నీలం రిబ్బను. రుసుము కట్టినవాళ్ళకి అదే గుర్తు. పంక్చరు మనిషి కూడా పోయాక, చిట్టచివర ఒక భారీ మనిషి రొప్పుతూ వచ్చాడు. పంక్చరు మనిషి ఆయన వెనక రావాల్సింది. ఆయన నిదానం భరించలేక ముందుకి వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది. ఆ భారీ మనిషికి ఇరవై గజాలు వెనకగా నేను రోడ్డెక్కాను.

అబ్బ, ఏం పొద్దు అది! ఒక పక్క బందరు కాలవ, రెండో పక్క పొలాలు. మంచు ఇంకా విడవలేదు. పోరంకి దాటేసరికి నాకు ఊరికే నవ్వొచ్చేస్తోంది. గేదె కనబడితే నవ్వు. మైలురాయి కనబడితే నవ్వు. పరీక్షలకి చదవాల్సిన ఆర్థిక శాస్త్రం గుర్తొస్తే మరీ నవ్వు.

పెనమలూరు దగ్గర భారీ మనిషి వెనక్కి తిరిగి చూశాడు.

"ఏమ్మా, మాతోనేనా?"

"రోడ్డు అందరిదీ కదండీ!" అన్నాను, గొంతు పెంచి. అద్దం ముందు తయారుచేసుకున్నదంతా ఒక్కసారే చెప్పేద్దామని ఊపిరి కూడా పీల్చుకున్నాను.

"అందరిదేలేమ్మా, కాదన్నానా? ఎదురుగాలి తగులుతంది, ఆడెందుకు ఒక్కదానివే? నా ఎనకమాల దగ్గరగా రా. నా ఒళ్ళు ఇట్టాంటప్పుడన్నా పనికిరావాలి గదా."

వెళ్ళాను. ఆయన వీపు వెనక చేరగానే గాలి ఆగిపోయింది. గోడ చాటుకి వచ్చినట్టే ఉంది. పెడలు దానంతటదే తిరుగుతోంది. నా వాదనలో గాలి సంగతి లేదు కాబట్టి దీన్ని తప్పుగా లెక్కవేయలేదు.

ఆయన పోస్టాఫీసులో స్టాంపుల కౌంటరు దగ్గర కూర్చునే మనిషి. యాభై దాటాయి. గంగూరు చేరేసరికి ఆయన తన రహస్యం ఒకటి చెప్పాడు. ఆయన కూడా సముద్రం చూడలేదు!

"ఆఫీసులో అందరికీ చూశాననే చెప్పానమ్మా. ఇరవై ఏళ్ళబట్టీ చెప్తన్నాను. మొదట్లో ఎవరో అడిగితే, చూడలేదంటే నామోషీగా ఉంటదని చూశాననేశా. ఆ తర్వాత అలలిట్టా, ఇసకట్టా అని రోజుకో ముక్క కలుపుకుంటా పోయా."

"మరి బస్సెక్కి పోయి చూడొచ్చుగా?"

"అట్టాగే అనుకుంటా ఉండిపోయా. ఈసారి తొక్కుకుంటా పోయి చూసొస్తానని మా ఆవిడతో పందెం వేశా. ఉయ్యూరు కూడా దాటలేవంది."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆయనకి నవ్వు వస్తే సైకిలు రోడ్డంతా తిరిగేది.

కంకిపాడులో మొదటి మజిలీ. అక్కడే ఆ క్లబ్బు ఆచారం చూశాను. తలలు లెక్కపెడితే మనుషులు అటూ ఇటూ కదిలి లెక్క ఎప్పుడూ తప్పుతుందని డ్రిల్లు మేష్టారు ఒక పద్ధతి కనిపెట్టారు. సైకిళ్ళన్నీ వరసగా నిలబెడతారు. ఆయన ధ్యానం చేస్తున్నట్టు కళ్ళు మూసుకుంటారు. వరసలో ఒకరి తర్వాత ఒకరు గంట ఒక్కసారి కొట్టాలి. ఆయన వేళ్ళ మీద లెక్కపెడతారు. ముప్ఫై ఆరు గంటలు రావాలి. అన్నీ మోగితే ఈల, ఈల వేస్తే ప్రయాణం. ఒక్కటి తగ్గినా ఎవరూ కదలడానికి వీల్లేదు.

నేను కాస్త దూరంగా తుమ్మచెట్టు కింద నిలబడి ఇడ్లీ తింటున్నాను. గంటలు మొదలయ్యాయి. ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా, ఒకటి దగ్గినట్టు, ఇంకోటి సగంలో ఆగిపోతూ... ముప్ఫై ఆరూ అలా మోగుతూ నా వైపు వస్తుంటే నా వేలు నా మాట వినలేదు. పోస్టాఫీసు ఆయన గంట అయిపోగానే నేనూ ట్రింగుమనిపించాను.

"ముప్ఫై ఏడు!" మేష్టారు కళ్ళు తెరిచారు. "ఎవడ్రా రెండుసార్లు కొట్టిందీ?"

ఎవరూ కొట్టలేదన్నారు. మళ్ళీ మొదలుపెట్టించారు. ఈసారి కుడిచెయ్యిని ఎడంచేత్తో గట్టిగా పట్టుకున్నాను. ముప్ఫై ఆరే వచ్చాయి. పోస్టాఫీసు ఆయన కండువా నోట్లో కుక్కుకుని నవ్వాడు. తర్వాత తన వాటా మజ్జిగ గ్లాసు పట్టుకొచ్చి సగం నా డబ్బా మూతలో పోశాడు. వాళ్ళ మజ్జిగ తాగనని అనుకున్నానుగాని ఆయన వాటాలో సగం తాగనని అనుకోలేదు కదా. తాగాను. అల్లం వేశారు.

కంకిపాడు దాటాక చెరుకు బళ్ళు మొదలయ్యాయి. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి పోయే ఎడ్లబళ్ళు, మైళ్ళ కొద్దీ వరస. వెనక నుంచి చెరుకు గడ లాక్కోవడం ఆ రోడ్డున పోయే ప్రతివాళ్ళూ చేసే పనే. బండివాడు తిడతాడు, కానీ వెనక్కి తిరగడు. డబ్బు కట్టి రిబ్బను కట్టుకున్న పెద్దమనుషులంతా గడలు లాగడం మొదలుపెట్టారు. ఒక లెక్చరరుగారు రెండు లాగారు. సాక్షాత్తూ డ్రిల్లు మేష్టారే ఒకటి లాగి చంకన పెట్టుకున్నారు. అది చూశాక నాలో మిగిలిన కాస్త బెరుకూ పోయింది. నేనూ ఒకటి లాగాను! దాన్ని జెండాలా పైకెత్తి పట్టుకుని, ఒంటిచేత్తో తొక్కుతూ, పోస్టాఫీసు ఆయన్ని దాటి, పంక్చరు మనిషిని దాటి, నలుగురు అమ్మాయిల మధ్యలోకి దూసుకుపోయాను. వాళ్ళు "నువ్వెవరు?" అని కూడా అడగలేదు. పక్కకి జరిగి చోటిచ్చారు. నా పుట్టుకలో అంత సంతోషం ఎరగను.

ఉయ్యూరులో రెండో మజిలీ. ఉప్మా పొట్లాలు పంచుతున్నారు, నాకూ ఒకటి ఇచ్చేశారు. నేనూ తీసేసుకున్నాను. వరసలో ఆ అమ్మాయిల పక్కనే నిలబడ్డాను. మేష్టారు కళ్ళు మూసుకున్నారు. గంటలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. నా వంతు రాగానే కొట్టాను. కొట్టకుండా ఎలా ఉంటాను?

"ముప్ఫై ఆరు! శభాష్!" మేష్టారు ఈల వేశారు. కంకిపాడులో రెండుసార్లు, ఇక్కడ ఒక్కసారికే లెక్క కుదిరిందని ఆయన ముఖం వెలిగిపోయింది. అందరం బయల్దేరాం.

ఊరు దాటి మైలో, మైలున్నరో పోయాం. ఎదురుగాలి ముఖాన కొట్టింది. పెడలు బరువెక్కింది. ఆ వీపు చాటుకి పోదామని తల తిప్పి వెతికాను. ముందు లేడు. ఆగి వెనక్కి చూశాను. వెనక కూడా లేడు. రోడ్డు మీద చెరుకు పిప్పి తప్ప ఏమీ లేదు.

మా నాన్న ఇంట్లో ఉన్న కాసిని గంటల్లో నాకు నేర్పింది ఒకటే. బండి స్టేషన్లోకి రాగానే అందరూ ఇంజను వైపు చూస్తారు, స్టేషను మాస్టరు మాత్రం చివరి పెట్టెకి వెనక తగిలించిన గుర్తు కోసం చూస్తాడు. అది కనబడితేనే బండి మొత్తం వచ్చినట్టు. లేకపోతే కొన్ని పెట్టెలు ఊడిపోయి వెనక లైను మీదే ఉండిపోయినట్టు. పొద్దున్నించీ ఆయన వెనక ఉన్నది నేనే. ఆయన కోసం వెనక్కి చూడాల్సింది నేనే. చెరుకు గడ ఊపుకుంటూ నేను ముందుకొచ్చేశాను. రావడం కాదు, ఆయన గంట కూడా నేనే కొట్టేశాను. నా గంట లేకపోతే ఉయ్యూరులో ముప్ఫై అయిదే వచ్చేవి, ఒక్కరూ కదిలేవాళ్ళు కాదు.

పొద్దున్నించీ ఉన్న నవ్వంతా ఒక్కసారి ఇగిరిపోయింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఎవరి సొమ్ము పోయింది అని అద్దాన్ని అడిగానే, ఆ మనిషి కొన్న చోటే పోయింది. చెప్పకుండా ఊరుకుంటే మధ్యాహ్నానికి సముద్రం. చెబితే ఇక్కడితో సరి. ఆ రెండూ తూచుకుంటూ ఒక నాలుగు పెడళ్ళు ముందుకే తొక్కానని కూడా ఒప్పుకుంటున్నాను. అయిదోది తొక్కలేకపోయాను.

గట్టిగా తొక్కి వరస మొదటికి పోయాను.

"మేష్టారూ, ఒకరు తక్కువండీ."

"ముప్ఫై ఆరూ మోగినై గదమ్మా?"

"అందులో ఒకటి నాదండీ."

"నీదీ మోగాల్సిందేగా!"

"నేను డబ్బు కట్టలేదండీ. కంకిపాడులో ముప్ఫై ఏడోది కూడా నేనే."

ఆయన బ్రేకు వేశారు. వెనక సైకిళ్ళన్నీ ఒకదానిమీదొకటి పడబోయి ఆగాయి. "ఎవరమ్మాయివి నువ్వు?" అన్నారు. చెప్పాను. "నర్సమ్మగారి అమ్మాయివా!" అంటూ చొక్కా మీంచే భుజం రుద్దుకున్నారు. అంత ఏడుపులోనూ నాకు కాస్త నవ్వొచ్చింది. వరసని పామర్రు దాకా పొమ్మనీ అక్కడ ఆగుతామనీ చెప్పి, పంక్చరు మనిషిని నాతో వెనక్కి పంపారు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పోస్టాఫీసు ఆయన ఉయ్యూరు రాకముందే, కంకిపాడు వైపు, ఒక మైలురాయి మీద కూర్చుని చెరుకు నములుతున్నాడు. ఆయనా అందరిలాగే గడ లాగాడట. అది ముందు చక్రం పుల్లల్లో ఇరుక్కుని చక్రం వంకరపోయింది. పంక్చరు మనిషి చూసి, ఇది రోడ్డు మీద అయ్యే పని కాదు, షాపులో చక్రం విప్పాల్సిందే అన్నాడు.

"పోనీలేమ్మా," అన్నాడాయన, నేను జరిగిందంతా చెప్పాక. "నువ్వేం కావాలని చేశావా? నేను బస్సెక్కి ఇంటికి పోతాలే. సోమవారం ఆఫీసులో ఎట్టాగూ చూశాననే చెప్తాను. రోజూ చెప్పేదేగా." అని నవ్వబోయాడు. ఈసారి నవ్వు సరిగా రాలేదు. నమిలిన పిప్పి పక్కకి ఊసి, తూర్పు వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. రోజూ రోడ్డు దాటేటప్పుడు నేను చూసే చూపే అది.

అమ్మ సైకిలు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

"ఇదేందమ్మా? మరి నువ్వో?"

"ఆ చోటు మీదండీ. నేను డబ్బు కట్టలేదు."

వద్దన్నాడు. పంక్చరు మనిషి టైమైపోతుందని కసిరాడు. ఆఖరికి ఆయనే తన హ్యాండిలు నుంచి నీలం రిబ్బను విప్పి అమ్మ సైకిలుకి కట్టాడు. బస్సు చార్జీ నా చేతిలో పెట్టాడు. ఆ లేడీస్ సైకిలు మీద ఆయన కూర్చుంటే మోకాళ్ళు హ్యాండిలుకి తగులుతున్నాయి. చెరుకు బళ్ళవాళ్ళు ఎడ్లని ఆపి మరీ చూశారు. "మా ఆవిడ కనబడితే ఉయ్యూరు దాటేస్తన్నానని చెప్పమ్మో!" అని అరుస్తూ పోయాడు. రోడ్డు మధ్యలో నిలబడి కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాను. అందులో కొన్ని నవ్వినందుకు వచ్చినవి కావు.

వంకర చక్రాన్ని ఎత్తిపట్టుకుని ఉయ్యూరు దాకా నడిచి, సైకిలు బస్సు మీద వేయించుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు నేను చర్చికి బయల్దేరుతుంటే ఆయన వచ్చాడు. ముఖం ఎండకి కమిలిపోయింది. అడ్రసు ఎలా తెలిసిందంటే, నర్సమ్మగారి అమ్మాయివని మేష్టారు చెప్పారు, మీ సందు ఉత్తరాలన్నీ మా ఆఫీసు మీదుగానే వస్తయ్యి గదమ్మా అన్నాడు. అమ్మ సైకిలు గోడకి ఆనించి, తన వంకర చక్రం సైకిలు అందుకున్నాడు.

"ఇరవై ఏళ్ళబట్టీ నేను ఆఫీసులో చెప్పిందంతా తప్పమ్మా," అన్నాడు. "ఒక్క ముక్క కూడా అట్టా లేదు. ఆగలేక సైకిలుతో సహా నీళ్ళలోకి పోయా. ఏమనుకోమాక."

నేనేమీ అనుకోలేదు. రెండుసార్లు కడిగాను ఆ సైకిల్ని.

అమ్మ సోమవారం వచ్చింది. సైకిలు బయటికి తీసి అలవాటుగా గంట కొట్టింది. గంట మోగలేదు, గరగరమంది. అమ్మ నాకేసి చూసింది. వీధి అరుగు మీద కూర్చుని, మూత మర తిప్పి విప్పింది. గుప్పెడు ఇసుక, అందులో వేలిగోరంత గవ్వ ఒకటి ఆమె ఒళ్ళో పడ్డాయి.

"సముద్రానికి పోయావా?"

"నేను పోలేదమ్మా. సైకిలు పోయింది."

నా జన్మలో చెప్పిన నిజాల్లో అంత అబద్ధంలా వినిపించింది ఇంకోటి లేదు. అమ్మ చెయ్యి లేచింది. ఇక దాచి లాభం లేదని కిళ్ళీ బడ్డీ దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పేశాను, మజ్జిగ మూతతో సహా. ఉయ్యూరులో గంట కొట్టిన దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకే వినబడలేదు. అమ్మ లేచిన చెయ్యి దించి గవ్వని తీసుకుంది. చీర కొంగుతో తుడిచింది. వెలుతురుకేసి పట్టి చూసింది.

"ఇంతకీ ఎట్టా ఉందంట?" అంది.

"అమ్మా, నువ్వు చూళ్ళేదా?"

"నాకెక్కడ తీరింది?" అంది అమ్మ. గవ్వని అరచేతిలో అటూ ఇటూ దొర్లించింది. నేను కాలేజీకీ అమ్మ డ్యూటీకీ రోజూ దాటే రోడ్డు ఒకటేనని నాకు అప్పటిదాకా తట్టలేదు.

గంట మూత మళ్ళీ బిగించి ఒక్కసారి కొట్టి చూసింది. ట్రింగుమని మోగింది.

"వచ్చే యాత్ర ఎప్పుడో కనుక్కో," అంది. "ఇద్దరి పేర్లూ రాయించు."